వీపు తిప్పే ఎలుగు

రట్టివలస నుంచి సంతపేటకి వెళ్ళే దారిలో, జీడితోటలు రెండు పక్కలా కమ్ముకున్న చోట, గెడ్డ మీద ఒక కల్వర్టు ఉంది. పగలు చూస్తే అందులో భయపడ్డానికి ఏమీ లేదు. మేకల కాపర్లు దాని పిట్టగోడ మీద కూర్చుని చద్దన్నం తింటారు, కింద గెడ్డలో చేతులు కడుక్కుంటారు. కానీ పొద్దు వాలిందంటే మాత్రం... నౌపడ నుంచి ఉప్పు వేసుకొచ్చే బళ్ళవాళ్ళు సైతం సంతపేటలోనే ఎడ్లను విప్పేసి, తెల్లారాకే కదులుతారు.

అక్కడ ఎలుగు నిలబడుతుందట.

ఎలుగంటే ఆ చుట్టుపక్కల ఎవరికీ కొత్త కాదు. జీడిపళ్ళు ముగ్గిన రోజుల్లో కొండ దిగి తోటల్లోకి వస్తూనే ఉంటాయి. రేకు డబ్బా వాయిస్తే పోతాయి. ఇది పోదట. రెండు కాళ్ళ మీద దారికి అడ్డంగా నిలబడుతుందట. గుర్రుమనదు... మీదకి రాదు... మనిషిని చూడగానే నెమ్మదిగా వెనక్కి తిరిగి, వీపు చూపించి, అలాగే నిలబడి ఉంటుందట.

అంతే. అంతకు మించి ఏమీ చెయ్యదు. మీదకి దూకితే పారిపోవచ్చు, అరిస్తే ఎదురు అరవచ్చు. వీపు తిప్పి నిలబడ్డదాన్ని ఏం చెయ్యాలో ఎవరికి తెలుసు?

ఒక్కడికి తెలుసు. వాడి పేరు లక్ష్ముడు. తెలుసు కాబట్టే, రెండేళ్ళుగా చీకటి పడ్డాక వాడు ఆ దారి తొక్కలేదు.

లక్ష్ముడిది రట్టివలసే. టూరింగ్ టాకీసులో రీళ్ళు మోస్తాడు. నరసింగరావుగారని ఒక ఆసామీ ఆ వేసవిలో, అంటే అరవై తొమ్మిదిలో, సంతపేటలో ఒక టెంటూ రట్టివలసలో ఒక టెంటూ వేశాడు. టెంట్లు రెండు, సినిమా మాత్రం ఒక్కటే. సంతపేటలో ఆట మొదలై నాలుగు రీళ్ళు తిరగ్గానే, వాటిని రేకు డబ్బాల్లో పెట్టి, సైకిలు వెనక తాళ్ళతో బిగించి, లక్ష్ముడు రట్టివలస తొక్కాలి. అప్పుడు ఇక్కడ ఆట మొదలు. మళ్ళీ పోయి తరవాతి నాలుగు, మళ్ళీ పోయి ఆఖరి నాలుగు. రట్టివలస జనం నవ్వాలన్నా ఏడవాలన్నా లక్ష్ముడి పిక్కల్లో బలం ఉండాలి.

కల్వర్టు మీదుగా అయితే రెండు మైళ్ళు. చుట్టుదారిన అయితే ఐదు, అందులో మైలున్నర ఇసక. లక్ష్ముడు చుట్టుదారినే తొక్కేవాడు. విడత విడతకీ ఆలస్యం పెరిగి, ఆఖరి రీళ్ళు వచ్చేసరికి ఇంజనులో కొలిచి పోసిన ఆయిలు కాస్తా అయిపోయేది. మామూలు సినిమాలైతే జనం, 'ఆఖర్న పెళ్ళేగా, అయిపోయిందనుకుందాం' అని చాపలు దులుపుకుని లేచిపోయేవాళ్ళు. నరసింగరావుగారు తిట్టేవాడు గానీ మానిపించేవాడు కాదు. రాత్రిపూట కల్వర్టు దాటే మొనగాడు ఒక్కడైనా దొరికితే కదా!

అలాంటి టైములో ఆ సినిమా వచ్చింది. దాని పేరు రక్తపు కోన. ఒక అడవి, ఆ అడవిలో కనపడ్డవాణ్ణల్లా చంపుకుంటూ పోయే ఒక ఎలుగు, దాన్ని చంపడానికి తుపాకీ పట్టుకుని తిరిగే హీరో, పరిగెట్టినప్పుడల్లా కింద పడే హీరోయిను. ఎలుగు జీడిపళ్ళూ చెదలూ తప్ప మనుషుల్ని తినదని మద్రాసు వాళ్ళకి ఎవరు చెబుతారు? సినిమాలో ఆ అడవి ఆరు చోట్లుగా కనపడుతుంది గానీ ఆరూ మన జీడితోటే. ఎలుగు అరుపు కూడా ఎవడో కుండలో మూతి పెట్టి గుర్రుమన్నదే.

ఆ ఎలుగు లక్ష్ముడి బావ. పేరు గంగరాజు. చెల్లెలు దాలమ్మ మొగుడు. రెండేళ్ళ కిందట చచ్చిపోయాడు.

అమ్మవారి పండగలకి ఎలుగు వేషం కట్టడం గంగరాజు ఇంట్లో మగవాళ్ళకి తాతల నాటి మొక్కు. గోగునారకి కరక్కాయ నలుపు పట్టించి, గోనె మీద కుచ్చులు కుచ్చులుగా కుట్టి, వెదురు బద్దలతో తలకాయ కట్టేవారు. అది తొడుక్కుంటే గంగరాజుని సొంత కుక్క కూడా పోల్చుకునేది కాదు.

తొడుక్కునేది గంగరాజు, కట్టేది లక్ష్ముడు. వీపు మీద ఏడు ముడులు, నడ్డి దగ్గర మొదలుపెట్టి మెడ దాకా. ముడి పడ్డాక లోపలి మనిషి మాట్లాడకూడదు, తినకూడదు, గుక్కెడు నీళ్ళు తాగకూడదు. కట్టినవాడే వచ్చి, పేరు పెట్టి మూడుసార్లు పిలిచి, ముడులు విప్పి, "వేషం దిగింది, మనిషివయ్యావు" అనాలి. ఇంకొకడు విప్పడానికి లేదు. అది ఆ ఇంటి కట్టుబాటు.

వేషం దిగగానే గంగరాజు నోట్లోంచి మొదట వచ్చే మాట ఎప్పుడూ ఒకటే.

"దాలీ... నీళ్ళు."

దాలమ్మ చెంబుతో అక్కడే నిలబడి ఉండేది.

నారకి రంగు పట్టించిన రోజుల్లో బావాబావమరదుల చేతులు మోచేతుల దాకా నల్లబడిపోయేవి. కరక్కాయ నలుపు సబ్బుకి పోదు, కిరసనాయిలుకి పోదు. పదిహేను రోజులకి తనంతట తనే వెలవాలి. "ఆ ఎలుగు సేతుల్తో అన్నం ముట్టకండి" అని దాలమ్మే ఇద్దరికీ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. పెడుతూ పడీ పడీ నవ్వేది. తలుచుకుంటే అవే ఆ ఇంట్లో మంచి రోజులు.

అరవై ఏడు వేసవిలో మద్రాసు నుంచి ఆ కంపెనీ దిగింది. ఒక వ్యాను, ఒక కెమెరా, నాలుగు లైట్లు. సర్కసు ఎలుగుని తెచ్చే స్తోమతు లేదు. గంగరాజు వేషం చూసి ఎగిరి గంతేశారు. రోజూ లక్ష్ముడు కట్టడం, గంగరాజు తోటల్లో హీరో మీద పడడం, సాయంత్రం లక్ష్ముడు దించడం. షూటింగులో కూడా గంగరాజు మాట్లాడేవాడు కాదు, ఎండలో గుడ్లు తేలేస్తున్నా నీళ్ళు ముట్టేవాడు కాదు. "ఇది అమ్మవారి జాతర కాదయ్యా, సినిమా!" అని వాళ్ళు నవ్వేవారు. గంగరాజుకి వేషమంటే వేషమే.

ఆఖరి రోజు, కల్వర్టు పక్కన రాతి మీద ఎలుగు చచ్చిపోయే సీను. హీరో తుపాకీ పేల్చాడు. గంగరాజు రాతి మీద నుంచి దొర్లాడు. దొర్లడంలో తలకాయ ఊడి పక్కన పడింది. ముఖం... మనిషి ముఖం... కెమెరాకి ఎదురుగా బయటపడింది. మోచెయ్యి చీరుకుపోయినా, పెదాలు బిగించి, కట్టుబాటు తప్పకుండా అలాగే పడి ఉన్నాడు. ఇంకోసారి తియ్యడానికి ఫిలిం లేదు. "పోనిద్దురూ, పల్లెటూళ్ళలో ఎవడు చూస్తాడు" అని కంపెనీవాళ్ళు సామాను సర్దేశారు.

గంగరాజు తలకాయ దులిపి మళ్ళీ తగిలించుకున్నాడు. దించడానికి లక్ష్ముడు వస్తున్నాడు... అంతలో వ్యాను హారను మోగింది. కంపెనీవాడొకడు లక్ష్ముణ్ణి కేకేశాడు.

"ఏయ్, నౌపడ స్టేషను దాకా వచ్చి పెట్టెలు దించుతావా? భోజనం పెట్టిస్తాం."

వ్యాను ఎక్కడమంటే లక్ష్ముడికి చిన్నపిల్లాడి సరదా. అప్పటిదాకా ఎక్కలేదు. "బావా, ఇక్కడే కూకో. గంటలో వచ్చేత్తాను" అన్నాడు.

గంగరాజు నోరు విప్పలేదు. వెనక్కి తిరిగి, వీపు చూపించాడు. విప్పి పో, అని.

"వచ్చాక విప్పుతాను బావా. బండి ఎల్లిపోతాది!"

ఏడు ముడులు విప్పడానికి ఎంతసేపు పడుతుంది? చుట్ట వెలిగించుకున్నంతసేపు. లక్ష్ముడు పరిగెత్తి వ్యాను ఎక్కేశాడు.

రైలు ఆలస్యం, భోజనం ఆలస్యం. లక్ష్ముడు తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టి చాలాసేపయింది. అంతకు ముందే, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి, గంగరాజు వేషంతోనే ఇంటి దారి పట్టాడు. ఆ నెలంతా షూటింగు కబుర్లతో ఊళ్ళన్నీ హడలిపోయి ఉన్నాయి. సినిమా కథ చెవులు మారి, మనుషుల్ని చంపే ఎలుగు నిజంగానే దిగిందని, తోటల కావలివాళ్ళు కర్రలు పక్కలో పెట్టుకుని పడుకుంటున్నారు. మసక వెలుతురులో కల్వర్టు మీద రెండు కాళ్ళ మీద నడిచొస్తున్నదాన్ని చూసి, "ఎవుడ్రా అది?" అని మూడుసార్లు అరిచారు.

ఒక్క మాట అని ఉంటే బతికిపోయేవాడు. అనలేదు. వీపు మీద ముడులు చూస్తే వేషమని తెలుసుకుంటారని కాబోలు... వెనక్కి తిరిగి, వీపు చూపించాడు. చీకట్లో ముడులెవరికి కనపడతాయి? ఆ వీపు మీదే కర్రలు పడ్డాయి.

తలకాయ లాగి చూశాక కావలివాళ్ళు గుండెలు బాదుకుని ఏడ్చారు. అప్పటికే అయిపోయింది. పెదాలు బిగించే ఉన్నాయి. ఇంటి దగ్గర, ఏడాది పిల్లని చంకన వేసుకుని, చెంబు నిండా నీళ్ళతో దాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

వేషం ఎవరూ దించలేదు. కోసి తీశారంతే. ఆ తరవాత నెల తిరక్కుండానే కల్వర్టుకి ఆ పేరొచ్చింది. ఎలుగు వీపు తిప్పుతోందని మొదటిసారి విన్న రోజున లక్ష్ముడు గోడకి చేరగిలబడి చాలాసేపు లేవలేదు. దాలమ్మ అన్నని తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడడం మానేసింది.

రక్తపు కోన రట్టివలసలో మూడు రాత్రులే. మొదటి రెండు రాత్రులూ ఆఖరి రీళ్ళు రాకుండానే ఇంజను ఆగిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం, లక్ష్ముడు టెంటు వెనక సైకిలుకి గాలి కొడుతున్నాడు.

"అన్నా."

పంపు చేతిలోనే ఉండిపోయింది. రెండేళ్ళ తరవాత ఆ పిలుపు.

"ఆకరి రీలు రాత్రి కూడా రానేదేటి?" అంది దాలమ్మ.

"పంచరయిపోనాది..."

"మొన్న కూడా పంచరేనా?"

లక్ష్ముడు పంపు మళ్ళీ టైరుకి బిగించబోయాడు.

"నువ్వు సుట్టుదారిన ఎల్తన్నావని ఊరందరికీ తెల్సు. ఎందుకెల్తన్నావో నాకొక్కర్తికే తెల్సు" అంది దాలమ్మ. గొంతులో కోపం లేదు. అదే వాడికి ఇంకా కష్టంగా ఉంది. "ఆ రీలులో మీ బావ మొకం కనపడతాదంట. సంతపేటోలు సూసినారంట. నిజమేనా?"

"నిజమే."

"నా కాడ మీ బావ పటం ఒక్కటి నేదు అన్నా. పిల్లకి మూడేళ్ళొచ్చినాయి. అయ్య ఎలాగుంటాడే అని అడుగుతాది. సెప్పడానికి కూకుంటే... నాకే తిన్నగా గేపకం రావట్లేదు. ముక్కు గేపకం వస్తే కళ్ళు పోతన్నాయి. సంతపేట ఎల్లి సూసొచ్చేద్దును. మా అత్త నడవనేదు. కన్నతల్లి సూడకుండా నానొక్కర్తినీ సూసొచ్చి ఏటని సెప్పను? రేపు ఆ పెట్టెలు రైలెక్కేస్తాయంట. ఈ రేతిరి తెచ్చియ్యి. నిన్నింకేటీ అడగను."

వెళ్ళిపోయింది. లక్ష్ముడు టైరు గట్టిపడ్డాక కూడా గాలి కొడుతూనే ఉన్నాడు.

ఆ రాత్రి మొదటి రెండు విడతలూ చుట్టుదారినే తొక్కాడు. భయం ఎక్కడికి పోతుంది? రెండో విడత దించుతుంటే, రట్టివలస ఆపరేటరు ఏసుదానం మిషను మీద నుంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు. "ఒరే లక్ష్ముడూ. ఆయిలు రెండు గంటలకి సరిపోతాది. అంతే."

"అలాగే మావా."

"దాలమ్మ అత్తని బుజాన ఎత్తుకుని తెచ్చింది రా. ముందు వరసలో కూకున్నారు."

లక్ష్ముడు మిషను ముందున్న కంతలోంచి తొంగి చూశాడు. తెర వెలుగులో ముగ్గురూ కనపడ్డారు. గంగరాజు తల్లి ముసలి జగ్గమ్మ ఇసకలో కాళ్ళు చాపుకుని, పక్కన దాలమ్మ, ఒళ్ళో నిద్ర ఆపుకుంటున్న పిల్ల. తెర మీద ఎలుగు అరిచినప్పుడల్లా జనం కేకలు పెడుతున్నారు. ఆ ముగ్గురూ మాత్రం ఎలుగుని తల తిప్పకుండా చూస్తున్నారు.

సంతపేటలో ఆఖరి నాలుగు రీళ్ళూ కట్టుకుని బయల్దేరేసరికి ఆయిలు లెక్క ప్రకారం గంట మిగిలింది. ఊరి చివర దారి చీలుతుంది. ఎడమకి చుట్టుదారి... కుడికి కల్వర్టు. లక్ష్ముడు ఒక కాలు నేల మీద ఆనించి ఆగాడు. ఎడమకి తిరిగితే మళ్ళీ పంచరు కథే చెప్పాలి.

కుడికి తిప్పాడు.

జీడితోటలు దగ్గరపడ్డాయి. డైనమో దీపం సైకిలు ముందు నాలుగు గజాలు మాత్రం చూపిస్తోంది. ముగ్గిన పళ్ళ వాసన... టైర్ల కింద ఎండాకుల చప్పుడు... కళ్ళు దీపం వెలుగు దాటనివ్వకుండా, లోపల అమ్మవారిని తలుచుకుంటూ తొక్కాడు.

కల్వర్టు పిట్టగోడ తెల్లగా కనపడింది. దాటేస్తున్నాను... దాటేశాను... అనుకుంటున్నాడు. టక్కుమని చైను ఊడింది.

సైకిలు ఆగింది. దీపం ఆరిపోయింది.

చీకట్లో చైను తడుముకుని పళ్ళ మీద ఎక్కిస్తున్నాడు. ఎక్కినట్టే ఎక్కి జారిపోతోంది. ఒకసారి... రెండుసార్లు...

ఎదురుగా ఆకులు గరగరమన్నాయి.

పళ్ళ వాసన పోయింది. తడిసిన గోగునార వాసన. ఆ వాసన లక్ష్ముడికి తెలుసు. ఎన్ని వేసవులు ఆ నారలో చేతులు పెట్టాడో!

తలెత్తాడు.

దారికి అడ్డంగా... నాలుగడుగుల దూరంలో... రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. చుక్కల వెలుగులో భుజాలు, పెద్ద తలకాయ. ఊపిరి చప్పుడు కూడా లేదు. సైకిలు పారేసి పరిగెత్తాలని కాళ్ళు పీకుతున్నాయి. డబ్బాలు? డబ్బాల్లో బావ ముఖం?

అది నెమ్మదిగా... వెనక్కి తిరిగింది.

వీపు.

"బావా..." అన్నాడు లక్ష్ముడు. మళ్ళీ అన్నాడు. "బావా... నానొచ్చేసినాను."

అది కదల్లేదు.

ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. వేళ్ళకి నార తగిలింది. చల్లగా ఉంది. మెడ దగ్గర తడిమాడు... ముడి. తను వేసిన ముడి. తనకి తప్ప ఇంకెవరికీ రాని ముడి.

"గంగరాజూ..." మొదటి పిలుపు. ముడి విప్పాడు. తరవాతది. తరవాతది. "గంగరాజూ..." నార తడికి ఉబ్బి ముడులు బిగుసుకుపోయి ఉన్నాయి. గోళ్ళతో పీకాడు. నడ్డి దగ్గర ఏడో ముడి చేతికి రాగానే ఏడుపు ఆగలేదు. "గంగరాజూ! వేషం దిగింది బావా. దిగింది. మనిషివయ్యావు... అప్పుడే విప్పాల్సింది బావా. బండెక్కాలని... ఎదవ్ని... బండెక్కాలని..."

చేతుల కింద నార లేదు. కళ్ళు తెరిచాడు. ఖాళీ దారి. కింద గెడ్డ వైపు ఎండాకులు గరగరలాడుతూ దూరమైపోయాయి.

నిజం ఎలుగే అయి ఉంటుందని తరవాత కొందరన్నారు. జీడిపళ్ళ రోజులు కదా, తిండికి వచ్చి, మనిషి ఏడుపు విని బెదిరిపోయి ఉంటుందని. అయి ఉండొచ్చు. ముఖం చూశావా అని అడిగితే, చూడలేదనే చెప్పాడు లక్ష్ముడు.

వాడు టెంటు దగ్గర దిగేసరికి జనం ఈలలు వేస్తున్నారు. ఏసుదానం డబ్బాలు అందుకుంటూ వాడి చేతులకేసి చూశాడు. వేళ్ళు, అరచేతులు, మణికట్ల దాకా నల్లగా ఉన్నాయి.

"ఏట్రా ఆ సేతులు?"

"చైను ఊడిపోనాది మావా. మసి."

ఏసుదానం రీలు ఎక్కించాడు.

ఆఖరి రీలు వచ్చింది. హీరో తుపాకీ పేల్చాడు. ఎలుగు రాతి మీద నుంచి దొర్లింది. తలకాయ ఊడింది.

సంతపేటలో ఇక్కడ జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. రట్టివలసలో ఒక్కడు నవ్వలేదు. ముఖం చూశారు. టెంటంతా... బీడీ తాగుతున్నవాళ్ళు కూడా బీడీలు దించేశారు. గంగరాజు, మన గంగరాజు, తెర నిండా.

"నా బాబు..." అంది జగ్గమ్మ. ఆ రెండు మాటలూ టెంటు చివర దాకా వినపడ్డాయి.

దాలమ్మ పిల్లని భుజాల మీదికి ఎత్తింది. "అదుగో మీ అయ్య. సూడు. బాగా సూడు. అదే మొకం."

పది లెక్కపెట్టేంతసేపు ఉంటుంది ఆ ముఖం. ఏసుదానం రెండు రాత్రులూ, రీళ్ళు వచ్చేసరికి జనం లేచిపోయిన టెంటులో, ఆ ఒక్క రీలుకి సరిపడా కిరసనాయిలు చేబదులు తెచ్చి మరీ, సరిగా ఉందో లేదో వేసి చూసుకున్నాడు. బిగించిన పెదాలు. పది దాకా కదలవు. ఆ తరవాత హీరో వచ్చి ఎలుగు మీద కాలు పెడతాడు.

లక్ష్ముడు కంతలోంచి చూస్తున్నాడు. ఏడు... ఎనిమిది...

పెదాలు విడివడ్డాయి.

ఏసుదానం చెయ్యి మిషను మీదే బిగుసుకుపోయింది. తెర మీద గంగరాజు నోరు తెరిచి, నెమ్మదిగా, అలిసిపోయినవాడిలా ఏదో అన్నాడు. స్పీకరులో డప్పులూ తుపాకీ చప్పుడూ తప్ప మాట లేదు. కానీ ఆ పెదాల కదలిక లక్ష్ముడికి తెలుసు. ప్రతి పండగకీ చూసినదే. రెండే మాటలు.

దాలమ్మ పిల్లని అత్త ఒళ్ళో పెట్టి లేచింది. ఎవరికేసీ చూడలేదు. గుంజ దగ్గర ఉన్న నీళ్ళకుండలో ముంత ముంచి, నిండా పట్టుకుని, మనుషుల మధ్యనుంచి తిన్నగా తెర దగ్గరికి నడిచింది. సినిమా అయిపోయింది. ఒట్టి తెల్లటి వెలుగు ఆమె మీద పడుతోంది.

"ఇయ్యిగో... నీళ్ళు" అంది. తెర కింద ఇసకలో పోసింది. మెల్లగా, దోసిట్లో పోసినట్టు పోసింది. "తాగు. రెండేళ్ళ దాహం. తాగు బాబూ, తాగు."

ఇంజను ఆగిపోయింది. చీకట్లో ఆడవాళ్ళ ఏడుపులు మాత్రం వినపడ్డాయి.

ఏసుదానం దెయ్యాలున్నాయంటే ఒప్పుకునే మనిషి కాదు. ఆదివారం చర్చిలో అందరికన్నా ముందు కూర్చునేవాడు. పొద్దున్నే, పెట్టెలు రైలుకి పంపే ముందు, ఆఖరి రీలు విప్పి ఎండకేసి పెట్టి చూశాడు. గంగరాజు ముఖం ఉన్న బొమ్మలు ఒక్కొక్కటే, వేళ్ళతో జరుపుకుంటూ, మొదటి నుంచి చివరి దాకా. మళ్ళీ చివరి నుంచి మొదటి దాకా.

ప్రతి బొమ్మలోనూ పెదాలు బిగించే ఉన్నాయి.

దాలమ్మకి కబురు పెట్టాడు. కత్తెరతో రెండు బొమ్మలు కత్తిరించి, మిగతాది అతికించేసి, ఆ ముక్క ఆమె చేతిలో పెట్టాడు. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. "దాచుకో అమ్మా. పిల్లకి సూపించు" అన్నాడు. తరవాత ఆగలేక అడిగాడు. "రాత్రి నువ్వూ సూసినావు కదా? ఆ పెదాలు... ఇందులో కదల్నేదమ్మా. ఒక్క దాంట్లో కూడా నేదు."

దాలమ్మ ఆ ముక్కని ఎండకెత్తి చాలాసేపు చూసింది. కళ్ళు, ముక్కు, గడ్డం. అన్నీ ఒక్కసారే, ఒక్కచోటే ఉన్నాయి.

"నీళ్ళు తాగేసినాడు కదా మావా. ఇంకేటి మాటాడతాడు?" అంది.

ముక్కని కొంగున ముడేసుకుని వెళ్ళబోతూ, గుంజ పక్కన కూర్చున్న అన్నని చూసింది. లక్ష్ముడు కిరసనాయిలు గుడ్డతో చేతులు రుద్దుకుంటున్నాడు. తెల్లారగట్ల నుంచీ రుద్దుతూనే ఉన్నాడు.

"చైను మసి" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "పోవట్లేదు."

దాలమ్మ వాడి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు. గుడ్డ తీసుకుని తనే ఒకసారి గట్టిగా రుద్దింది. నలుపు చెక్కుచెదరలేదు. ఆ నలుపు ఎన్ని రోజులకి వెలుస్తుందో ఆమెకి తెలుసు.

గుడ్డ పక్కన పడేసింది. ఆమె పెదాలు వణికాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఏసుదానానికి తెలియలేదు.

"దా అన్నా, ఇంటికి" అంది. "ఆ సేతుల్తో అన్నం ముట్టకు. నాను పెడతాను."